అంతా నిలిచిపోయిన రోజున మార్పిడికి ఏ సరుకు దాచాలి, ఏ పని నేర్చుకోవాలి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు తిరుపతిలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో, భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటున్నారు. ఏ కారణం చేతనైనా కరెంటు, బ్యాంకులు, ఫోన్లు, లారీల రాకపోకలు నెలల తరబడి ఆగిపోయి నోటు చెల్లని రోజులు వస్తే, మార్పిడి కోసం ఏ సరుకులు దాచాలి, ఏ పని నేర్చుకోవాలి అని అడిగారు. ఇందుకు 50,000 రూపాయలు, ఒక చిన్న గది కేటాయించగలనన్నారు. కొందరు బంగారు కాసులు కొనమంటున్నారనీ, మరి కొందరు మద్యం, సిగరెట్లు దాచమంటున్నారనీ రాశారు.

సూటిగా నా జవాబు ఇది: ఒక మరమ్మతు పని నేర్చుకోండి, ఆ పనికి కావలసిన చిల్లర సామాను రెండు మూడేళ్ళకు సరిపడా కొని పెట్టుకోండి. సరుకుల్లో మొదటిది ఉప్పు. బంగారం, మద్యం ఈ పనికి కొనవద్దు. పని ఒక్కటే తెలిసి సామాను లేకపోతే చేతులు కట్టేసినట్టే ఉంటుంది. సామాను మాత్రమే ఉంటే అది అయిపోయిన రోజుతో మీ దగ్గరికి వచ్చేవారూ ఆగిపోతారు. రెండూ కలిసి ఉన్న ఇంటికి జనం వస్తూనే ఉంటారు.

నేను ఇరవై ఆరేళ్ళుగా చిత్తూరు వైపు మోటార్లకు వైండింగు (లోపలి రాగి తీగ చుట్లు) కట్టే పని, బోరింగుల (చేతి పంపుల) మరమ్మతు చేస్తున్నాను. సమాజం మొత్తం కూలిపోవడాన్ని నేను చూడలేదు. కానీ డబ్బు ఉన్నట్టుండి పనికి రాకుండా పోయిన రోజులు, దారులు తెగిపోయిన రోజులు చూశాను. ఆ రోజుల్లో జరిగిన మార్పిళ్ళలో నేను లాభపడ్డదీ ఉంది, నష్టపోయినదీ ఉంది. వాటిని బట్టే చెబుతున్నాను.

మొదట నష్టపోయిన సంగతి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. దేశంలో చలామణిలో ఉన్న డబ్బు విలువలో దాదాపు 86 శాతం ఆ నోట్లదే. సరిగ్గా అదే సమయానికి మా వైపు వానాధార వేరుశనగ ఇంటికి వస్తూ ఉంటుంది. నాలుగైదు రోజుల తరువాత ఒక రైతు కాలిపోయిన మోటారును బండి మీద వేసుకొని వచ్చి, "అన్నా, చేతిలో దుడ్లు లేవు, రెండు మూటలు శెనక్కాయలిస్తా, మోటారు కట్టియ్యి" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నా దగ్గర అప్పటికి నాలుగు కిలోల రాగి తీగ మిగిలి ఉంది, అందులో సగానికి పైగా ఆ మోటారుకే పోయింది. కాయలను అంగడి వెనక గదిలో పెట్టించాను. పది రోజుల తరువాత మూట విప్పితే ముక్క వాసన కొట్టింది, పప్పు మీద ఆకుపచ్చని బూజు కనిపించింది. వేరుశనగకు పట్టే ఆ బూజులో కాలేయానికి హాని చేసే విషం ఉంటుంది కనుక పశువులకు కూడా పెట్టలేక పారబోశాను. ఆ రైతు నన్ను మోసం చేయలేదు. ఎండబెట్టకుండానే అవసరం కొద్దీ తెచ్చాడు. తప్పు నాది, ఎందుకంటే కాయను చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూడలేదు. బాగా ఎండిన కాయను ఊపితే లోపల గింజ గలగలమంటుంది, పచ్చిది చప్పుడు చేయదు. మా అమ్మకు తెలిసిన ఈ పరీక్ష నాకూ తెలుసు, తొందరలో చేయలేదు.

ఆ అనుభవం నుంచి నాకు మిగిలిన కొలబద్ద ఒకటుంది. మార్పిడి సరుకు ఎలాంటిదై ఉండాలంటే, ఎదుటి మనిషి దాన్ని అక్కడికక్కడే కంటితో, చేతితో, నాలుకతో పరీక్షించుకోగలగాలి. ఉప్పు నాలుకకు తెలుస్తుంది. అగ్గిపెట్టె గీసి చూస్తే తెలుస్తుంది. సూది మొన వేలికి తెలుస్తుంది. డబ్బు ఉన్న రోజుల్లో అంగడి పేరు చూసి, బిల్లు చూసి, తిరిగి ఇచ్చేయవచ్చన్న ధైర్యంతో కొంటాం. ఆ ధైర్యం లేని రోజున, చూసి తేల్చుకోలేని వస్తువును ఎవరూ తీసుకోరు, తీసుకున్నా సగం విలువకు తీసుకుంటారు. దీనితో పాటు చూడవలసినవి మరి రెండున్నాయి. వస్తువు చిన్న చిన్న పాళ్ళుగా విడగొట్టగలిగేదై ఉండాలి, వాడితే అయిపోయేదై ఉండాలి. ఇనుప కడాయి మంచి వస్తువే కానీ ఒక ఇంటికి ఒకసారి ఇస్తే మళ్ళీ పదేళ్ళ దాకా వాళ్ళకు దానితో పని పడదు.

ఉప్పును మొదట ఎందుకు పెట్టానో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ప్రాంతపు భూమికి సంబంధించిన సంగతి. పడమటి వైపు పలమనేరు, పుంగనూరు, మదనపల్లెల్లో కూరగాయలు, టమోటా, చింతపండు, పాలు, పట్టుగూళ్ళు ఉన్నాయి. చిత్తూరు చుట్టూ మామిడి, బెల్లం ఉన్నాయి. తూర్పున శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు వరి ఉంది. ఉప్పు మాత్రం సముద్రపు ఒడ్డు నుంచే రావాలి, ఘాట్లు ఎక్కి పైకి పోవాలి. లారీ ఆగిపోతే పుంగనూరులో ఎంత డబ్బున్న ఇంట్లోనైనా ఉప్పు తయారు కాదు. ఉప్పు లేనిదే ఊరగాయ లేదు, చింతపండు ఏడాది నిలవదు, ఎండుచేప లేదు, పశువులకు కూడా ఉప్పు కావాలి. బండ్ల మీద ఉప్పు మూటలు తెచ్చి, "ఉప్పో" అని కేకవేసి, ఉప్పుకు బదులు ధాన్యం కొలిపించుకొని పోయేవారిని మా అమ్మ చిన్నతనంలో చూసిందట. రాళ్ళుప్పు ఈ రోజు చాలా చవక, పురుగు పట్టదు, కాలం తీరిపోదు. చేయవలసిందల్లా తేమ తగలకుండా మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో, నేల మీద కాకుండా చెక్క మీద పెట్టడమే. ఇనుప డబ్బాలో పెట్టకండి, తుప్పు తినేస్తుంది.

బెల్లం గురించి చాలా మంది అడుగుతారు. చిత్తూరు బెల్లం మంచి సరుకే, కానీ వానాకాలం వస్తే నీరు కారుతుంది. దాని మీద మూడు నాలుగు నెలలకు మించి ఆశ పెట్టుకోవద్దు. బియ్యం కన్నా వడ్లు నిలుస్తాయి, వడ్ల కన్నా రాగులు నిలుస్తాయి. పొడిగా ఉంచిన రాగులకు ఏళ్ళ తరబడి పురుగు పట్టదు, అందుకే వెనకటి వాళ్ళు పాతరలో పోసి కరువుకు దాచుకున్నారు. అయితే ధాన్యాన్ని మార్పిడికి కాక మీ ఇంటి కడుపు కోసం దాచమంటాను. దానికి కారణం ఉంది. బేరానికి వచ్చిన ఇద్దరిలో ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగని మనిషే తగ్గుతాడు. ఇంట్లో మూడు నెలల రాగిపిండి, బియ్యం ఉంటే మీరు "ఈ రోజు వద్దులే, రేపు చూద్దాం" అని చెప్పి లేచి రాగలరు.

మిగతా చిన్న సరుకులు త్వరగా చెబుతాను. అగ్గిపెట్టెలు, చేతిసూదులు, గట్టి దారం, సబ్బులు, టీ పొడి, గడ్డం బ్లేడ్లు, సైకిలు ట్యూబుకు అతికే ప్యాచీలు, రబ్బరు ద్రావణం. ద్రావణం గొట్టాన్ని ఒకసారి విప్పితే గట్టిపడిపోతుంది కనుక చిన్న గొట్టాలే కొనాలి. ఆడవాళ్ళ నెలసరికి పనికి వచ్చే మెత్తని నూలుగుడ్డ తప్పకుండా ఉండాలి. ఇలాంటి పట్టికలు రాసేవారిలో ఎక్కువ మంది మగవాళ్ళు కావడం వల్ల ఇది ఎప్పుడూ మరుగున పడిపోతుంది.

ఇక బంగారం. మన వైపు 1876లో మొదలైన కరువును పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారు, ఆ ఏడాది పేరు ధాత కనుక. ఆ రెండేళ్ళలో బ్రిటిషు వారి మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో జనం నగలు, ఇత్తడి సామాను తెగనమ్ముకున్నారు. అందరూ ఒకేసారి నగ అమ్మి గింజ కొనాలని చూస్తే నగ చవకవుతుంది, గింజ ప్రియమవుతుంది, ఇందులో రహస్యం ఏమీ లేదు. పైగా ఒక గ్రాము కాసును రెండు మానికల రాగులకు ముక్క చేయలేరు, గీటురాయి మీద గీసి చూసే ఆచారి అందుబాటులో ఉండడు. బంగారం ఆపద దాటిన తరువాత మళ్ళీ నిలదొక్కుకోవడానికి ఉపయోగపడుతుంది. ఇంట్లో ఉన్నది ఉండనివ్వండి, ఈ 50,000తో కొత్తగా కొనకండి.

సిగరెట్ల సంగతిలో మీకు చెప్పినవారి మాటలో కొంత నిజం ఉంది. 1992 నుంచి 1996 వరకు ముట్టడిలో ఉన్న బోస్నియాలోని సరాయెవో నగరంలో సిగరెట్లు డబ్బులాగా చెల్లాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీలో 1948లో కొత్త నోట్లు వచ్చేదాకా అదే జరిగింది. చిన్నది, లెక్కపెట్టడానికి వీలైనది, వాడితే అయిపోయేది కనుక నేను పైన చెప్పిన కొలబద్దకు అది సరిపోతుంది. కానీ మా అంగడి పక్కన ఏళ్ళ తరబడి మద్యం అంగడి చూసిన మనిషిగా చెబుతున్నాను, మద్యం, పొగ ఉన్న ఇంటికి ఆ అలవాటుకు లోబడినవారు రాత్రి పూట వస్తారు, ఇవ్వకపోతే పోరు. పోలీసు లేని రోజున ఇద్దరు పిల్లలున్న ఇంటి తలుపు ముందుకు ఆ గుంపును మీరే పిలుచుకోవద్దు. అదీ కాక మద్యం ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చన్నదానికి చట్టం పెట్టిన హద్దు ఉంది.

ఇప్పుడు పని గురించి. 2021 నవంబరులో కురిసిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాటు రోడ్డు దెబ్బతింది, రాయలచెరువు కట్ట తెగుతుందని కింది పల్లెల వాళ్ళను ఖాళీ చేయించారు. నేను అప్పుడు నది దాపున ఉన్న ఒక పల్లెలో మా అత్తగారింట్లో చిక్కుకుపోయాను. నాలుగు రోజులు కరెంటు లేదు. ఊరి చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. ఉన్న నాలుగు బోర్లకూ నీళ్ళలో మునిగి ఉండే కరెంటు మోటార్లే కనుక అవి ఉలకలేదు. బడి దగ్గర పాత బోరింగు ఒకటుంది, పిడి కొడితే ఖాళీగా ఆడుతోంది. లోపల సిలిండరులో కప్పు ఆకారపు వాషర్లు అరిగిపోతే అలాగే ఆడుతుంది. నా బండి పెట్టెలో ఆ వాషర్లు ఒక జత, రెండు పైపు రెంచీలు ఉన్నాయి. ఊళ్ళో ఐదుగురు మగవాళ్ళు సాయం పట్టారు. పైపును ఎత్తి, కిందికి జారిపోకుండా బిగించి, విప్పి, మళ్ళీ ఎత్తి, అలా పదకొండు పైపులు బయటికి తీశాం. పైపు జారితే వేళ్ళు పోతాయి కనుక మాట్లాడుకోకుండా చేశాం. పాత వాషరు చేతికి తీసుకుంటే అంచు మొత్తం తినేసిన రొట్టెలాగా ఉంది. కొత్తది వేసి, పైపులన్నీ దించి, పిడి కొడుతూ ఉంటే ముందు గాలి, తరువాత ఎర్రనీళ్ళు, ఆ తరువాత తేట నీళ్ళు వచ్చాయి. వరద నీరు కలిసి ఉంటుందని కాచి తాగమని ఇంటింటికీ చెప్పించాం. ఆ సాయంత్రం మా అత్తగారి అరుగు మీద నాలుగు పడుల బియ్యం, ఒక కోడి, పదిహేను గుడ్లు, అరటి గెల ఒకటి చేరాయి. నేను ఏమీ అడగలేదు. వాషర్ల ఖరీదు ఒక పూట టిఫిను డబ్బులకు మించదు.

ఈ ఉదంతంలో మీరు పట్టుకోవలసిన సంగతి, ఆ జత వాషర్లు నా పెట్టెలో లేకపోతే ఇరవై ఏళ్ళ పనితనం ఉన్నా ఊరికి నీళ్ళు ఇవ్వలేకపోయేవాడిని. 2016లో రాగి తీగ అయిపోయాక నేను పదిహేను రోజులు ఖాళీగా కూర్చున్నదీ అందుకే. సామాను అయిపోని పని అంటూ ఏదీ లేదు. అందుకని పని ఎంచుకునేటప్పుడు దానికి కావలసిన సామాను చిన్నదేనా, చవకదేనా, చెడిపోనిదేనా అని చూడండి. ఈ లెక్కలో వైండింగు పని వెనకబడుతుంది, ఎందుకంటే రాగి ఖరీదు, కరెంటు లేకపోతే మోటారుతోనే పని లేదు. బోరింగు మరమ్మతు, చేతికుట్టు, మిషను కుట్టు, సైకిలు పని, కత్తి కొడవళ్ళకు సాన పట్టడం, చెప్పులు కుట్టడం, జుట్టు కత్తిరించడం ముందుకు వస్తాయి.

ఒక హెచ్చరిక. బోరింగు అన్ని చోట్లా పనికిరాదు. మనం మామూలుగా చూసే బోరింగు 150 అడుగుల లోతు వరకే బాగా లాగుతుంది. మదనపల్లె, పుంగనూరు వైపు నీళ్ళు 800, 1000 అడుగుల కిందికి పోయిన పల్లెల్లో కరెంటు లేకపోతే బోరుతో చేయగలిగింది లేదు. అక్కడ పూడిపోయిన పాత దిగుడుబావులను పూడిక తీయడం తెలిసినవాడికి, గిలక, చేద, గట్టి తాడు ఉన్నవాడికి విలువ ఉంటుంది. తిరుపతి నగరానికి నీళ్ళు కల్యాణి డ్యాము నుంచి, తెలుగుగంగ ద్వారా కండలేరు నుంచి పంపులతో వస్తాయి. అవి ఆగితే మీ అపార్టుమెంటు ట్యాంకు ఎన్ని రోజులకు ఖాళీ అవుతుందో లెక్క వేసుకోండి.

మీ భార్యకు కుట్టు మిషను వచ్చని రాశారు. మీ ఇంట్లో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే, మీరు దాన్ని చివరి వరుసలో రాశారు. కాలితో తొక్కే మిషను ఒకటి పాతది కొనండి. మిషను సూదులు, బాబిన్లు, తోలు బెల్టులు, దారం ఉండలు, బొత్తాలు దాచండి. కొత్త బట్ట దొరకని కాలంలో పాత బట్టను తిప్పి కుట్టే చేతికి పని ఆగదు. మీరు ఆమె దగ్గర ఒక పని నేర్చుకొని, రెండో పనిగా సైకిలు గానీ బోరింగు గానీ ఎంచుకోండి. తెలిసిన మేస్త్రీ వెంట ఆదివారాలు తిరిగితే ఆరు నెలల్లో చేయి తిరుగుతుంది.

రేటు గురించి నేను కొంచెం గట్టిగా చెప్పాలి. మాది కొలిమి పని చేసిన ఇల్లు. విజయనగరం నాటి నుంచి ఊరికి పన్నెండు మంది ఆయగాళ్ళు ఉండేవారని చదువుకున్నాం. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి ఏడాది పొడుగునా పని చేస్తే, పంట కళ్ళంలో మేర (పంటలో కొంత వాటా) ఇచ్చేవారు. ఇప్పుడు కొందరు ఆ రోజులను తలచుకొని డబ్బు లేకుండా ఎంత చక్కగా సాగిందో అంటారు. మా తాత ఏడాదంతా నాగళ్ళకు కర్రులు సాగగొట్టి, కళ్ళం దగ్గర తుండుగుడ్డ పరుచుకొని నిలబడేవాడని మా నాన్న చెప్పేవాడు. కొలిచేది ఆసామి, కొలపాత్ర ఆసామిది, పంట పోయిన ఏడు తాలు కలిసిన అడుగు గింజలే గుడ్డలో పడేవి. వద్దనే హక్కు తాతకు లేదు, ఇంకో ఊరు పోయి పని చేసుకునే వీలు కూడా లేదు. మార్పిడి మళ్ళీ వస్తే దాని వెంట కులంతో ముడిపడిన ఈ పద్ధతి కూడా తిరిగి రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. అందుకే పని మొదలుపెట్టక ముందే ఏమి, ఎంత, ఎప్పుడు అని మాట్లాడుకోండి, కొలత ఇద్దరి కళ్ళ ముందు జరగాలి. మీరు ఇచ్చేవారైనా, పుచ్చుకునేవారైనా ఇదే పాటించండి.

కొలత కోసం ఒక తక్కెడ, ఇనుప తూకపు రాళ్ళు కొనండి. బ్యాటరీ తూకం ఆ రోజుల్లో పనిచేయదు. పడితో, సేరుతో కొలిస్తే రాశిగా పోసి కొలిచారా, పుల్లతో గీసి సమం చేశారా అన్నదాని దగ్గరే తగాదా వస్తుంది, ఊరికో పడి ఉంటుంది. తక్కెడ ఉన్న ఇంటి అరుగు మీదికి బేరాలు వాటంతట అవే వస్తాయి, మీరు పైసా అడగకపోయినా నాలుగు గుప్పెళ్ళ గింజలు మీకు మిగులుతాయి.

అదే పూట నాకు కావలసింది ఎదుటివారి దగ్గర, వారికి కావలసింది నా దగ్గర ఉండడం అరుదు. అక్కడ బాకీ రాసుకోవడం వస్తుంది. చీటీలు అచ్చు వేసి నోట్లలాగా తిప్పుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అర్జెంటీనాలో 1995లో చిన్నగా మొదలైన మార్పిడి సంఘాలు, 2001 డిసెంబరులో బ్యాంకులు వారానికి 250 పెసోలకు మించి ఇవ్వని రోజులు రాగానే లక్షల మందికి పెరిగాయి. 2002లో దొంగ చీటీలు వెల్లువెత్తి, వాటి విలువ పడిపోయి, ఆ సంఘాల్లో చాలా భాగం మూతపడ్డాయి. ముఖం తెలిసిన ఇరవై ఇళ్ళ మధ్య ఒక నోటుపుస్తకం చాలు. ఎవరు ఎవరికి ఏమి బాకీ అన్నది అందరి ముందు రాసి, చదివి వినిపించాలి. అక్షరం, లెక్క స్పష్టంగా వచ్చిన మనిషికి అక్కడ కూడా ఒక పని ఉంటుంది.

మార్పిడికి పెట్టకూడనివి మూడు చెబుతాను. మందు మాత్రలు ఇవ్వకండి, ముఖ్యంగా యాంటీబయాటిక్‌లు. మోతాదు తెలియక ఒక పిల్లవాడికి హాని జరిగితే మీరు భరించలేరు. దానికి బదులు నీళ్ళ విరేచనాలకు ద్రావణం కలపడం నేర్చుకొని ఉచితంగా నేర్పండి: కాచి చల్లార్చిన లీటరు నీటికి ఆరు టీ చెమ్చాల చక్కెర, అర టీ చెమ్చా ఉప్పు, రెండూ చెమ్చాను సమంగా గీసి వేయాలి. రెండవది పెట్రోలు. అపార్టుమెంటులో దాచడం ప్రాణాపాయం, నెలలు గడిచేకొద్దీ అది చెడిపోతుంది కూడా. మూడవది హైబ్రిడ్ విత్తనాలు. వాటి పంట నుంచి తీసిన గింజ మళ్ళీ అదే పంట ఇవ్వదు, ఒక రైతు ఏడాది మీ వల్ల పోతుంది. నాటు వంకాయ, నాటు టమోటా గింజలు బాగా ఆరబెట్టి దాస్తే మూడేళ్ళు మొలుస్తాయి. అనప, అలసంద కూడా మంచివే. ఉల్లి గింజ మాత్రం ఏడాది దాటితే నమ్మలేం.

మీ 50,000ను నేనైతే ఇలా పెడతాను. 20,000 ఇంటికి మూడు నెలల రాగులు, బియ్యం, పప్పు, నూనెలకు. 15,000 కాలి మిషనుకు, దాని సామానుకు. 8,000 మీరు నేర్చుకునే పని తాలూకు పనిముట్లకు, వాషర్లకు, ప్యాచీలకు. ఉప్పుకు, తక్కిన చిన్న సరుకులకు 5,000. మిగిలిన 2,000 తక్కెడకు, నోటుపుస్తకాలకు. ఒక్కసారిగా కొనకండి. ధాన్యాన్ని ఇంట్లో వాడుతూ, వాడినంత తిరిగి నింపుతూ ఉండండి.

ఇవి కొనడానికి ముందు ఒక ఆదివారం మీ వీధి చుట్టూ అర కిలోమీటరు నడిచి, ఎక్కడెక్కడ బోరింగు ఉంది, ఏది ఆడుతోంది, ఏది మూలన పడింది, ఎవరింట్లో పాత బావి ఉంది అని రాసుకొని రండి. పాడైన బోరింగు కనిపిస్తే దాని లోతు, పైపుల లెక్క చుట్టుపక్కల పెద్దవాళ్ళను అడగండి. ఆ వివరాలు ఇక్కడ రాస్తే ఏ వాషరు పడుతుందో, ఏ సైజు రెంచీ కావాలో నేను చెబుతాను.